గురువుగారి బొటనవేలు

మార్చి 4, ఉదయం

మా పెద్దాయన కుడిచేతి బొటనవేలు కారు తలుపులో పడి నలిగింది. తలుపు వేసింది ఆయనే కాబట్టి తిట్టడానికి ఎవరూ దొరకలేదు. నాకు సర్జరీ నేర్పిన చెయ్యి అది.

గోరు ఊడింది. గోటి కింద పరుపులా ఉండే మెత్తటి పొర సగం పోయింది. అది లేకపోతే కొత్త గోరు వచ్చినా అంటుకోదు, లేచిపోతుంది. ఆ వేలితో సన్నటి సూది పట్టలేరు. ఆపరేషన్లు మానుకోవాల్సిందే.

వేరేచోటి పొర తెచ్చి అతికించే గ్రాఫ్ట్ తొందరమ్మ చెయ్యాలి అన్నారట. అంటే నేనే, ఆయన పెట్టిన పేరే. మిగతావాళ్లు తనని చూస్తే వణుకుతారట, నాకు ఆ భయభక్తులు లేవట. పొగిడారో తిట్టారో తెలియలేదు.

మార్చి 4, సాయంత్రం

చేశాను!

కాలి బొటనవేలి గోరు కింద నుంచి పల్చటి పొర తీసి చేతికి అతికించాలి. మత్తు వేళ్లకే ఇచ్చాం, నోటికి కాదు. మొదటి నుంచీ సణుగుడే. పొర ఇంకా మందంగా తియ్యమన్నారు. అలా తీస్తే కాలి గోరూ పాడవుతుంది. ఆ సంగతి నాకు నేర్పింది ఆయనే! సార్, ఇవాళ మీరు పేషెంటు, నోరు మూసుకోండి అన్నాను. సిస్టర్ గోడవైపు తిరిగి నవ్వుకుంది. ఆయన నిజంగానే మూసుకున్నారు.

ఇన్నేళ్లలో ఆయన మాట కాదనడం ఇదే మొదలు.  పొర పల్చగా, చక్కగా వచ్చింది. ఊడిన గోరునే శుభ్రం చేసి పైన మూతలా కుట్టాను.

మార్చి 27

మూత ఊడింది. కింద పొర గులాబీ రంగులో ఉంది. బతికింది.

జూన్ 2

కొత్త గోరు సగం వచ్చింది. ఒక పక్క కాస్త లేచినట్టు అనిపించింది. మందంగా తీసి ఉండాల్సిందా? ఆయన కూడా చూశారు, చెయ్యి జేబులో పెట్టుకున్నారు. నాకు ఆ పూట అన్నం సయించలేదు.

సెప్టెంబర్ 9

గోరు చివరిదాకా అంటుకుంది. ఇవాళ ఆయన ఆపరేషన్ థియేటర్‌కి వచ్చి సూది పట్టారు. పక్కన నేను. నా కుట్టు ముడి వదులుగా ఉందని అందరి ముందూ చీవాట్లు పెట్టారు. ఇంత హాయిగా ఎప్పుడూ చీవాట్లు తినలేదు. ఆ చేతిని బాగుచేసింది నేను. నేనే.

సెప్టెంబర్ 12

ఆయన క్లాసులో రెండు చేతులూ చాపి, రిపేరు చేసిన గోరేదో చెప్పమన్నారట. అందరూ ఎడమ చెయ్యి చూపించారట. బూట్లు విప్పి రెండు కాళ్లూ బల్ల మీద పెట్టి, పొర తీసిందెక్కడో చెప్పమన్నారట. ఎవరికీ దొరకలేదట.

పొర పల్చగా తియ్యాలి, పేషెంటు ఎంతటివాడైనా అతని మాట వినకూడదు అని నోట్స్ రాయించారట.