దుర్భిణి ఎడమ పక్క మర

వెండెల్ అన్నయ్యా,

నీ కళ్లు బాగానే ఉన్నాయి. ముందు ఆ మాట రాసేస్తున్నాను, మిగతాది పొయ్యిలో వేసినా సరే.

జింకల వేటకు ముందురోజు కొట్టంలో తాపీవాళ్లు నిలువు చూసే గుండు దారం వేలాడదీసి, తుపాకి దుర్భిణిలోని నిలువు గీత ఆ దారానికి కుదిరేదాకా పూటంతా కూర్చున్నావు. అట్ట మీద కాల్చి గురి కూడా చూసుకున్నావు. "సమంగా బిగించడం రానోడు జింక జోలికి పోకూడదురా" అని నాకు సుద్దులు చెప్పావు. ఒళ్లు మండింది. నువ్వు కాఫీకి వెళ్లగానే మరలు వదులు చేసి, దుర్భిణిని రవ్వంత తిప్పి మళ్లీ బిగించాను. పొద్దున్నే ఎప్పటిలా ఓ గుండు కాల్చి చూసి తిట్టుకుంటావనుకున్నాను. ఆ రోజు వాన. కాల్చకుండానే కొండెక్కావు.

పెద్ద కొమ్ముల జింక మీద నీ గురి తప్పింది. మన వేటలో ఆనవాయితీగా గురి తప్పినవాడి చొక్కా కొస కత్తిరించి శిబిరం గోడకు కొట్టాలి కదా, ఆ కత్తెర పట్టిందీ నేనే. "ముసలాడికి చూపు పోయిందర్రా!" అని అరిచిందీ నేనే.

ఇప్పుడు తుపాకి అమ్మకానికి పెట్టావట, కారు తాళాలు వదినకిచ్చేశావట. ఆమెకు నిజం చెప్తే, "ఆయన్ని ఓదార్చడానికి ఇదో కొత్త వేషమా, మరిదీ?" అంది. ముప్ఫై ఏళ్లు అబద్ధాలాడిన నోరు, ఎవరు నమ్ముతారు?

నువ్వూ నమ్మకు. దుర్భిణి ఎడమ పక్క మర చూడు. తల నలిగి, సన్నగా గీత పడి ఉంటుంది. నువ్వు ఏనాడైనా మర తల నలిపావా? చూపు పోయినవాడికి ఆ గీత కనపడదు.

కనపడితే కత్తెర పట్టుకుని రా. చొక్కా తొడుక్కునే ఉంటాను.

నీ తమ్ముడు