నాలుగు మూలలా పసుపు

నాంపల్లి,
3-2-1997

నా పండుకి,

అమ్మ ఆశీస్సులు. నీ స్నేహితుడు ప్రహ్లాద్ స్కూటరు మీద సముద్రం పక్కనే షికారు పోతున్నావు, బాగుంది. యారాడ కొండమీద నుంచి రాసిన కార్డు అందింది. కానీ నాలుగు మూలలా ఆ పసుపేమిటిరా? పెళ్ళి కబురుకేగా అలా రాసి పంపుతారు! మీ నాన్న పోయి తొమ్మిది నెలలు. ఏటిసూతకం తీరనేలేదు. ఇంట్లో మిగిలింది ఇద్దరం. అందులో ఒకళ్ళకి చెప్పకుండా పెళ్ళా?

మీ అమ్మ,
శేషారత్నం

తా.క.: పిల్లకి వంటొచ్చా?

భీమిలి,
3-2-1997

అమ్మకి నమస్కారాలు.

ప్రహ్లాద్ వాళ్ళ పిన్నిగారింటికి చేరాం. కాకినాడ నుంచి అందరూ ఒక్క రోజులో వస్తారు, మాకు ఆరు రోజులు పట్టింది. కనిపించిన ప్రతి ఇసుకలోనూ కూర్చున్నాం, ప్రతి గుట్టా ఎక్కాం. ఉప్పాడలో మగ్గం దగ్గర ఆకుపచ్చ చీర ఒకటి కొన్నాను. ఎవరికని అడక్కు. వచ్చాక చెప్తాను, కోప్పడకూడదు.

నీ కార్తీక్

తా.క.: రేపు అరకు. ఆరు రోజులు ఉత్తరాలుండవు.

నాంపల్లి,
7-2-1997

పండూ,

చీర సంగతి చదివాక ఇక అనుమానం లేదు. రెండు రోజులు ఏడ్చాను. పక్కింటి జిప్పోరా వచ్చి, "ఏంది అత్తమ్మా గిట్ల కూసున్నవ్? పిల్ల ఇంటికొస్తదంటే జర లేచి ఇల్లు సర్దవా?" అని ఆబిడ్స్ లాక్కుపోయింది. కోడలికి స్టీలు కంచం కొన్నాను. పేరు చెక్కుతానన్నాడు కొట్టువాడు. పేరు నాకేం తెలుసు? నడిమధ్యన "కోడలు" అని చెక్కించాను.

మీ అమ్మ

తా.క.: కోపం పోలేదు. ముందు పిల్లని తీసుకురా.

భీమిలి,
10-2-1997

అమ్మా,

అరకు నుంచి రాగానే నీ రెండు ఉత్తరాలూ ఒకేసారి చదివాను. పెళ్ళీ లేదు, పిల్లా లేదు! యారాడ కొండమీద గాలికి కార్డు ఎగిరిపోతోంటే, నేను రాసినంతసేపూ ప్రహ్లాద్ పులిహోర చేతులతో నాలుగు మూలలూ అదిమి పట్టుకున్నాడు. అదే ఆ పసుపు.

చీర నీకే. నాన్న పోయాక ఆ రెండు తెల్ల చీరలే తిప్పి తిప్పి కడుతున్నావు. రంగు చీరంటే తిడతావని చెప్పలేదు.

నీ కార్తీక్

తా.క.: ప్రహ్లాద్ చేతులు కడుక్కుని క్షమించమంటున్నాడు.

నాంపల్లి,
14-2-1997

నా పండుకి,

అమ్మయ్య! నీ ఉత్తరం చదివి హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. నీ పెళ్ళి నా కళ్ళముందే జరుగుతుంది, అది చాలు.

ఈ వయసులో రంగు చీర నాకెందుకురా అని తిడుతూ రాద్దామనే కూర్చున్నాను. తీరా చూస్తే, కొత్త కోడలికి తెల్ల చీరతో తలుపు తియ్యకూడదని మొన్న పెట్టె అడుగు నుంచి తీసి కట్టిన ఊదారంగు చీర ఒంటిమీదే ఉంది. మార్చి కట్టుకోవడానికి ఆకుపచ్చది కావాలి. త్వరగా తీసుకురా.

మీ అమ్మ,
శేషారత్నం

తా.క.: "కోడలు" అని చెక్కాక కొట్టువాడు కంచం వెనక్కి తీసుకోడట. అన్నం వడ్డిస్తే అక్షరాలు కనపడవులే. వచ్చి అందులో కడుపునిండా తిను.