పదకొండు నుంచి పన్నెండు దాకా

డిసెంబర్ 4

కోడలికి ఉన్నట్టుండి నా మీద ప్రేమ పుట్టుకొచ్చింది. చలికాలం మోకాళ్ళు పట్టేస్తాయట, ఎండ తగలకపోతే మనసు కూడా దిగాలు పడుతుందట, రోజూ గంటసేపు నడవాలట. డాక్టరు చెప్పాడంటుంది. డాక్టరు అరగంట అన్నాడు, నేనూ అక్కడే ఉన్నాను. మఫ్లర్ తనే చుట్టి, పదకొండుకి వెళ్ళి పన్నెండుకి రమ్మంది. ముందు రావద్దని ఎందుకు చెప్పినట్టు?

ముప్పై రెండేళ్ళు రైళ్ళలో టికెట్లు చెక్ చేశాను. ఎవడు టికెట్ లేకుండా ఎక్కాడో ముఖం చూసి చెప్పేవాణ్ణి. ఇందులో ఏదో మతలబు ఉంది.

డిసెంబర్ 9

పార్కు చుట్టూ నాలుగు రౌండ్లు. మోకాళ్ళు కాస్త తేలికయ్యాయి. ఆ మాట ఇంట్లో చెప్పలేదు.

తిరిగొచ్చేసరికి నా గదిలో కర్టెన్ బార్లా తీసి ఉంది. కుర్చీ కిటికీ దగ్గరికి జరిగింది. దుమ్ము దులిపానంది. అలమారా మీద వేలితో గీసి చూశాను. దుమ్ము ఎక్కడిదక్కడే ఉంది.

డిసెంబర్ 10

కుర్చీ మళ్ళీ జరిగింది.

డిసెంబర్ 17, మధ్యాహ్నం

అర్థమైంది. ఇంట్లో ఎండ వచ్చే గది నాదొక్కటే. ఎవరికో చూపిస్తున్నారు. అద్దెకిచ్చి నన్ను హాల్లో సోఫా మీదకి తోసేస్తారు. కొడుకుని కదిలించాను. అలాంటిదేం లేదు, ఊరికే బుర్ర పాడుచేసుకోవద్దని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. మా ఆవిడ పోయాక నాదంటూ మిగిలింది ఆ గదే. అదీ పోతే ఎక్కడ కూర్చోవాలి? భయంగా ఉంది. భోజనం సహించలేదు.

డిసెంబర్ 28

పాలు పొంగి స్టవ్ ఆరిపోయినా కోడలు చూసుకోలేదు. తల దువ్వుకుని రెండు రోజులైనట్టుంది. ప్లానులో తలమునకలుగా ఉంది కాబోలు.

జనవరి 6, పన్నెండున్నర

ఇవాళ వీధి మలుపు దాకా వెళ్ళి వెనక్కొచ్చాను. చప్పుడు కాకుండా తాళం తీశాను. చెప్పులు చేత్తో పట్టుకున్నాను, ఈ వయసులో.

గదిలో కోడలొక్కతే ఉంది. నా కుర్చీలో, ఎండలో కూర్చుని ఏడుస్తోంది. నన్ను చూసి దిగ్గున లేచి క్షమించమంది.

పోయినేడు చలికాలం కూడా ఇంతేనట. పొద్దున లేవబుద్ధి కాదట. ఏ పనికీ చేతులు రావట. ఇక్కడ గంటసేపు కూర్చుంటే సాయంత్రం దాకా ఎలాగో నెట్టుకొచ్చేదట, ఇప్పుడు అదీ చాలడం లేదట. అన్నీ ఉండి ఈ ఏడుపేంటంటారని ఎవరికీ చెప్పలేదట. నా ఎదుట ఏడవలేక నన్ను బయటికి పంపిందట. మరి నా మోకాళ్ళ సంగతి అబద్ధమా అని అడిగాను, సిగ్గులేకుండా. అదీ నిజమేనంది.

తల కొట్టేసినట్టయింది. నెల రోజులు కుర్చీ చూశాను, కర్టెన్ చూశాను, దుమ్ము కూడా చూశాను. ఆ పిల్ల ముఖం చూడలేదు.

డాక్టరు దగ్గరికి వెళ్దామన్నాను. ఇంతమాత్రానికి డాక్టరెందుకంది. నా మోకాళ్ళకి లాక్కెళ్ళినప్పుడు ఆ మాట ఏమైందని కసిరాను.

జనవరి 7

కిటికీ దగ్గర రెండో కుర్చీ వేశాను. ఇద్దరం కూర్చున్నాం.

జనవరి 10

కొడుక్కి తనే చెప్పింది. అపాయింట్‌మెంట్ వాడే తీసుకున్నాడు.

జనవరి 13

ఆసుపత్రి బెంచీ మీద రాస్తున్నాను. కొడుకు ఆఫీసు నుంచి నేరుగా వస్తానన్నాడు, ఇంకా రాలేదు. నర్సు వచ్చి ఈమెకి మీరేమవుతారని అడిగింది. తండ్రినన్నాను.

కోడలు తలెత్తి నా వంక చూసింది. కాదనలేదు.