ఎడంచేతి విందు

నరసరావుపేట, ఆదివారం

అమ్మకు మస్తాన్ సలాములు. మేం కులాసా, ఇక్కడ గొడవైందని విని భయపడకు. మొన్న గ్రంథాలయంలో ఊరికే సినిమా వేశారు. రెండువైపులా బొమ్మ కనబడేలా పంచె తడిపి తెర కట్టి, మగవాళ్ళను ముందు, ఘోషా ఆడవాళ్ళను తెర వెనక కూర్చోబెట్టారు. బొమ్మలో పెళ్ళివిందు వచ్చింది. మాకు బాగానే ఉంది గాని, వెనకనుంచి చూసేవాళ్ళకు కుడి ఎడమై, అందరూ ఎడంచేత్తో తింటున్నట్టు కనబడింది. నీ కోడలు హజ్రా అక్కణ్నుంచే, "ఏందయ్యా ఇది! ఈ మర్యాద లేనోళ్ళని చూడటానికా మమ్మల్ని పిలిచింది?" అని అరిచింది. ఆడవాళ్ళంతా లేచి వెళ్ళిపోయారు. వచ్చేవారం వాళ్ళనే ముందు కూర్చోబెడతామని గ్రంథాలయం పంతులుగారు వచ్చి చెప్పాకే మా ఇంట పొయ్యి వెలిగింది. ఇక ఎడంచేతి విందు మగవాళ్ళకే. గేదె ఈనిందా? నిమ్మకాయ ఊరగాయ పంపు. నాన్నకు సలాం. హజ్రా కూడా నీకు సలాం చేసింది, కుడిచేత్తోనే. ఎదురుగా కూర్చుని చూశాను.