హీటర్ పనిచేయని పాత స్పోర్ట్స్ కారు

అమ్మకు,
నేను బాగున్నాను. వేలి మీద బొబ్బ తగ్గింది, అక్క మాటలు విని కంగారు పడకు.

మొన్న నేను పనిచేసే షెడ్డుకు ముప్పై ఏళ్ల నాటి స్పోర్ట్స్ కారొచ్చింది. హీటర్ వేస్తే చల్లగాలే. "ఈ చలికి మా ఆవిడ ఎక్కనంటోంది, బాగవకపోతే అమ్మేస్తా," అన్నాడు ఓనరు. మేస్త్రి డ్యాష్‌బోర్డంతా విప్పుదామన్నాడు. నేను ఇంజన్ వేడెక్కనిచ్చి గొట్టాలు తడిమి చూశాను. హీటర్‌కు వేడినీళ్లు వదిలే వాల్వుకు ఇవతలి గొట్టం చెయ్యి కాల్చింది, అవతలిది చల్లగా ఉంది. "వేడినీళ్లు హీటర్‌దాకా పోవట్లేదు మేస్త్రీ, వాల్వు పట్టేసింది," అన్నాను. అది మార్చగానే వెచ్చటి గాలి కొట్టింది. "ఇక హీటర్ల పని నువ్వే చూసుకోమ్మా," అన్నాడు మేస్త్రి.

నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? నా ఊలు టోపీ పంపు. మెకానిక్కునయ్యానని నాన్న నాతో మాట్లాడటం లేదు కదా, ఈ కార్డు ఆయన కళ్లద్దాల పక్కన పెట్టు. మాట్లాడనన్నారు గానీ, చదవనని అనలేదు.

ఇద్దరికీ నమస్కారాలతో,
నీ చిన్నది