మిఠాయి పూయని పొయ్యి దేవుడు

తమ్ముడు యూషెంగ్‌కి, ఇక్కడ అందరం క్షేమంగానే ఉన్నాం, కంగారు పడకు.

కొత్త సంవత్సరం దగ్గరికొచ్చిందిగా, నిన్న పొయ్యి దేవుణ్ణి పైలోకానికి సాగనంపాం. ఆయన పైకెళ్లి మన ఇంటి గుట్టు విప్పకుండా, ఆయన పాత పటం కాల్చే ముందు అందులోని మూతికి జిగురు మిఠాయి పూసేది ఏటా అమ్మే కదా. ఈసారి ముట్టుకోలేదు. నాన్నే మిఠాయి కరిగించి గిన్నెతో అందించాడు.

"నోళ్లు మూయించడం నీకు అలవాటేగా," అంది అమ్మ నాన్నతో. "ఈయన్నైనా చెప్పనియ్యి. మన యూషెంగ్ ఫిడేలు నువ్వు ఈ పొయ్యిలో పెడుతుంటే కళ్లారా చూసింది ఈయనే."

పటం అలాగే కాలిపోయింది. మిఠాయి గిన్నెలోనే గడ్డకట్టింది.

మీ గనిలో పండక్కి సెలవిస్తారో లేదో రాయి. నీ దూది కోటు ఇక్కడ కనబడటం లేదు, అక్కడే ఉందా? కుడుముల్లోకి ఈసారి మాంసం లేదు, క్యాబేజీతోనే సరిపెడుతున్నాం. అమ్మ మోకాళ్లకి మందేదైనా దొరికితే తీసుకురా.

ఇవాళ పొద్దున నేను బూడిద ఎత్తుతుంటే నాన్న వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"లాన్‌యింగ్, ఆ దేవుడు ఫిడేలు కాల్చిన సంగతొక్కటే చెబుతాడంటావా? యూషెంగ్ ఇల్లు విడిచిపోయిన రాత్రి తెల్లార్లూ నేను ఈ పొయ్యి ముందే కూర్చున్నాను. అది కూడా చెబుతాడా?" అన్నాడు.

నాన్న అలా కూర్చున్నట్టు మాకెవరికీ తెలియదు. అమ్మకి ఇంకా చెప్పలేదు. ముందు నీకే రాస్తున్నాను.

ఎక్కడున్నా నీ ఒళ్లు వెచ్చగా ఉండాలని కోరుకునే

మీ అక్క