గుమ్మం దగ్గర కొత్త బటన్

అమ్మాయ్, ఈ చీటీ చూశాక తాళంచెవి తీయకు. తలుపు పక్కన కొత్తగా బిగించిన బటన్ నొక్కి, మీ మామగారు వచ్చి తీసేదాకా ఆగు. ఆయనకు వినికిడేం తిరిగి రాలేదు. బటన్ నొక్కితే ఆయన కుర్చీ ఎదురుగా ఎర్ర లైటు వెలుగుతుంది. అది నేను చేశాను.

నీ రిపేరు పుస్తకంలో బొమ్మ చూసి చేశాను. బ్యాటరీ, రెసిస్టర్, రెండు తీగ కాళ్లున్న చిన్న ఎల్‌ఈడీ లైటు, గోడ వెంట వైరు, అంతే. మొదట ఎంతకీ వెలగలేదు. లైటు పొడుగు కాలు ప్లస్ వైపు ఉండాలని రెండు రోజులు తల బద్దలుకొట్టుకున్నాక తెలిసింది. నువ్వేమో చూసి నవ్వుకుంటూ నీ రిపేరు షాపుకి వెళ్లిపోయావు. ఆ ఒక్క ముక్క చెప్తే నీ సొమ్మేం పోయేది? పోనీలే, చెప్పి ఉంటే సగం గొప్ప నీకే పోయేది.

ఇవాళ పొద్దున పోస్ట్‌మాన్ వచ్చి నొక్కాడు. మూడేళ్లుగా ఎవరొచ్చినా తలుపు తీసేది మనమే కదా, నేను కావాలనే కుట్టుమిషను దగ్గర్నుంచి లేవలేదు. ఆయన లైటు చూసి లేచారు. చొక్కా సర్దుకుని వెళ్లి తలుపు తీశారు. అతను అడక్కుండానే, "మా ఆవిడ చేసిందండీ ఇది!" అన్నారు. తన గొంతు తనకు వినపడదాయె, వీధి వీధంతా వినపడింది. నలభై ఏళ్లుగా కుడుతున్నాను, ఒక్క జాకెట్టు బాగుందన్న మనిషి కాదు.

కుట్టిన బట్టలు ఇచ్చి సాయంత్రానికి వస్తాను.

అన్నట్టు, ఆ కేక విని పక్కింటావిడ తనకూ ఒకటి కావాలంది. నీ దగ్గర ఇంకో లైటు ఉంటే తీసిపెట్టు. ఈసారి లైటు బిగించే డబ్బా మీద నా పేరు రాసి మరీ ఇస్తాను.